చేతికందే వస్తువులతో విజ్ఞానశాస్త్ర బోధన

విజ్ఞానశాస్త్రానికి పునాది పరిశీలన. కంటితో చూచి, చేతితో చేసి, మనసులో ప్రశ్నించుకొని తెలుసుకొన్న విషయమే నిలుస్తుంది. కాని అనేక పాఠశాలల్లో ఈ శాస్త్రం నల్లబల్ల మీది వాక్యంగా, పరీక్షలో అప్పగించవలసిన జవాబుగా మిగిలిపోతున్నది. నేను చదువుకొన్న ఉన్నత పాఠశాలలో ప్రయోగశాల అనే గది, అందులో గాజు తలుపుల బీరువా ఉండేవి. అయిదేళ్ళలో ఆ బీరువా తెరువగా నేను చూడలేదు. పరికరం పగిలితే పూచీ ఎవరిదన్న భయమే దానికి అసలు తాళం. సాహిత్యం బోధించే నేను ఈ వ్యాసం వ్రాయడానికి ఆ తాళమే కారణం.

ఖరీదైన పరికరాలు లేకుండా శాస్త్రాన్ని ఆసక్తికరంగా బోధించవచ్చునా? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. రెండవ ప్రపంచ యుద్ధంలో ధ్వంసమైన దేశాల ఉపాధ్యాయుల కొరకు యునెస్కో 1948లో ఒక చిన్న పుస్తకం వెలువరించింది. అదే పెరిగి పెద్దదై, సామాన్య వస్తువులతో చేయదగిన వందలాది ప్రయోగాల సంపుటంగా 1956లో వెలువడింది. లేమిలో పుట్టిన ఆ గ్రంథం ఎన్నో దేశాల తరగతి గదులకు మార్గదర్శకమైంది.

మన దేశంలో ఇందుకు మేటి ఉదాహరణ మధ్యప్రదేశ్‌లోని నాటి హోషంగాబాద్ జిల్లా, నేటి నర్మదాపురం. 1972లో అక్కడ 16 మాధ్యమిక పాఠశాలల్లో ఒక బోధనా కార్యక్రమం ఆరంభమైంది. పిల్లలు చిన్న జట్లుగా కూర్చొని ప్రయోగం చేసేవారు. ఫలితాన్ని చర్చించి తామే నిర్ణయానికి వచ్చేవారు. పరీక్షలో సైతం పుస్తకం తెరచి చూచుకోవచ్చు. అనగా పరీక్షించినది జ్ఞాపకశక్తిని కాదు, ఆలోచనను. 2002లో రాష్ట్ర ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని నిలిపివేసినా, అది చూపిన బాట మూసుకుపోలేదు.

ఐ.ఐ.టి. కాన్పూరులో చదివిన ఇంజనీరు అరవింద్ గుప్తా ఆ కార్యక్రమంతో పరిచయమై తన జీవితాన్నే ఈ కృషికి అంకితం చేశారు. 2018లో పద్మశ్రీ పొందిన ఆయన బొమ్మల తయారీ విధానాలు అంతర్జాలంలో ఉచితంగా లభిస్తున్నాయి. వాటిలో ఒకటి చూడండి. సైకిలు వాల్వు ట్యూబును చిన్న ముక్కలుగా కోసి, వాటితో అగ్గిపుల్లల కొసలను కలపాలి. నాలుగు పుల్లల చతురస్రాన్ని వ్రేలితో నొక్కితే ప్రక్కకు ఒరిగిపోతుంది. మూడు పుల్లల త్రిభుజం చెక్కుచెదరదు. ఎందుకనగా భుజాల నిడివి మారనంతవరకు దాని కోణాలు మారలేవు. రైలు వంతెనల ఇనుప చట్రాలలో త్రిభుజాలు ఎందుకున్నవో బాలునికి ఇక చెప్పనక్కరలేదు.

అయితే ఒక హెచ్చరిక అవసరం. ఆకర్షణీయమైన ప్రయోగమంతా సత్యమే బోధిస్తుందనుకోరాదు. నీరున్న పళ్ళెంలో వెలిగే కొవ్వొత్తిపై గ్లాసు బోర్లిస్తే, దీపం ఆరి నీరు పైకెక్కుతుంది. ఖర్చయిన ఆమ్లజని స్థానాన్ని నీరు ఆక్రమించిందని చాలా పుస్తకాలు చెప్పాయి. ఒకటికి బదులు మూడు కొవ్వొత్తులు వెలిగించి చూడండి. నీరు మరింత ఎత్తుకు లేస్తుంది. గ్లాసులోని ఆమ్లజని మాత్రం పెరుగలేదు కదా! వేడికి వ్యాకోచించిన గాలి కొంత వెలుపలికి పోవడం, మిగిలినది చల్లారి కుంచించుకుపోవడం ఇందుకు ముఖ్య కారణాలు. పుస్తకంలోని మాటను సైతం పరీక్షించి చూడగల ధైర్యమే ఈ ప్రయోగం నేర్పే గొప్ప పాఠం.

ఈ బోధనకు భాష కూడ అడ్డు కాదు. ఎండలో నాటిన కర్రను చూపి తెలుగు మాధ్యమం బాలుడు నీడ అన్నా, ఉర్దూ మాధ్యమం బాలిక సాయా అన్నా, కొలిచినప్పుడు నిడివి ఒక్కటే.

మన విద్యార్థినీ విద్యార్థులలో పలువురు రేపు ఉపాధ్యాయులు కాగలరు. అగ్గిపుల్లలు, గాజు గ్లాసు, దారం, భూతద్దం వంటివి ఒక పెట్టెలో సమకూర్చుకొని తరగతికి వెళ్ళవలసిందిగా వారికి నా విన్నపం. అట్టి పెట్టెలను కళాశాల పక్షాన తయారుచేయించి సమీప పాఠశాలలకు అందజేయవలసిందిగా పాలకవర్గ పెద్దలకు మనవి. ఆ పెట్టెలకు తాళం మాత్రం వేయవద్దు.