తెల్ల బల్బా, పసుపు బల్బా?

2014లో ఉమ్మడి గుంటూరు జిల్లాలో పాత బల్బులు తీసుకుని, ఒక్కోటి పది రూపాయలకే ఇంటికి రెండు ఎల్ఈడీ బల్బులు ఇచ్చారు. మన ఊరు కర్లపాలెం అప్పట్లో ఆ జిల్లాలోదే. ఇప్పుడు అది ఉన్న బాపట్ల జిల్లా 2022లో వచ్చింది. పాత బల్బుది ఎప్పుడూ పసుపు వెలుగే. ఇప్పుడు కొట్టుకెళ్తే "వామా, కూలా?" అని, అంటే పసుపు వెలుగా, తెల్ల వెలుగా అని అడుగుతారు.

ఈ తేడా ఎందుకు? కొలిమిలో ఇనుము ముందు ఎర్రబడుతుంది, వేడి పెరిగేకొద్దీ పసుపు, ఆపైన తెలుపు. అందుకే వెలుగు రంగును ఆ వేడి లెక్కలోనే, కెల్విన్లలో చెబుతారు. పసుపు వెలుగు సుమారు 2700, తెల్లని డేలైట్ 6500.

ఎల్ఈడీ మాత్రం అంత వేడెక్కదు. లోపలి చిప్ నీలి కాంతినిస్తుంది. దానిపై ఉన్న ఫాస్ఫర్ పూత కొంత కాంతిని పసుపుగా మారుస్తుంది. రెండూ కలిస్తే తెలుపు! పూత మారిస్తే వెలుగు రంగూ మారుతుంది. నీలి ఎల్ఈడీ తయారుచేసిన అకసాకి, అమానో, నకమురాలకు నోబెల్ వచ్చిందీ 2014లోనే.

బియ్యంలో రాళ్లేరే వంటింటికి, లెక్కలు చేసుకునే బల్లకు తెల్ల వెలుగు మేలు. పడకగదికి పసుపే. రాత్రిపూట నీలి కాంతి ఎక్కువైతే నిద్రకు సాయపడే మెలటోనిన్ తగ్గుతుంది. పడకగదిలోనూ తెల్ల ట్యూబ్‌లైటే బిగించే మన అలవాటు నాకు నచ్చదు. హాలుకు 4000 చాలు.

కొనేముందు పెట్టె మీద కెల్విన్ల అంకె చూడండి. వాట్లు పెంచినంత మాత్రాన రంగు మారదు.