పాత పాట, రెండో గొంతు

హెవీ మెటల్ అనగానే మన డిపార్ట్‌మెంట్‌లో చాలామంది చెవులు మూసుకుంటారు. నిజమే, గిటార్లు రంపం కోసినట్టు ఉంటాయి, డ్రమ్ములు ఊపిరి తీసుకోనివ్వవు. అయినా మన బెంగళూరుకి ఈ సంగీతం కొత్తదేమీ కాదు. 2007లో ఐరన్ మెయిడెన్, 2011లో మెటాలికా ఇక్కడి ప్యాలెస్ గ్రౌండ్స్‌లోనే కచేరీలు చేశాయి. ఆ సంగీతంలో నన్ను బాగా ఆలోచనలో పడేసిన అలవాటు ఒకటుంది. కొన్ని బ్యాండ్లు తమ తొలినాళ్ల పాటల్ని ఎన్నో ఏళ్ల తర్వాత మళ్ళీ రికార్డు చేస్తాయి.

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. పాత టేపునే శుభ్రం చేసి, శబ్దం సరిచేసి ఇస్తే అది రీమాస్టర్. మసకబారిన ఫొటోని బాగు చేయించడం లాంటిదన్నమాట. రీరికార్డింగ్ అలా కాదు. మళ్ళీ స్టూడియోకి వెళ్ళి మొదటి నుంచీ వాయించాలి, పాడాలి. ఇరవై ఏళ్ల తర్వాత అదే చీర కట్టుకుని కొత్త ఫొటో తీయించుకున్నట్టు. చీర అదే, మనిషి మాత్రం మారి ఉంటుంది.

ఇంత శ్రమ ఎందుకు? ఒక కారణం హక్కులు. ఒక పాటలో రెండు ఆస్తులుంటాయి. రాసిన మాట, కట్టిన బాణీ ఒకటి. దాన్ని పాడి పట్టిన రికార్డింగ్ రెండోది. మన దేశపు 1957 కాపీరైట్ చట్టం కూడా వీటిని విడివిడిగానే చూస్తుంది. చాలాసార్లు రికార్డింగ్ కంపెనీ చేతిలో ఉంటుంది. మళ్ళీ పాడితే ఆ కొత్త రికార్డింగ్‌ని కళాకారులు తమ దగ్గరే ఉంచుకోవచ్చు. టేలర్ స్విఫ్ట్ 2021 నుంచి పాత ఆల్బమ్‌లు మళ్ళీ పాడింది ఇందుకే.

కానీ డబ్బు లెక్కతో తేలని సంగతులూ ఉన్నాయి. శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతపు ఎక్సోడస్ బ్యాండ్‌నే చూడండి. వాళ్ళ తొలి ఆల్బమ్ ‘బాండెడ్ బై బ్లడ్’ 1985లో వచ్చింది. పాడింది పాల్ బేలాఫ్. అది శ్రుతి చూసుకుని పాడే గొంతు కాదు, వీధిలో కేక వేసే గొంతు. ఆయన 2002లో పక్షవాతం వచ్చి చనిపోయాడు. 2008లో గిటారిస్టు గ్యారీ హోల్ట్, బృందం ఆ ఆల్బమ్ మొత్తాన్నీ ‘లెట్ దేర్ బి బ్లడ్’ పేరుతో మళ్ళీ రికార్డు చేశారు. ఈసారి పాడింది రాబ్ డ్యూక్స్. డ్రమ్ములు బరువుగా, గిటార్లు స్పష్టంగా వినిపిస్తాయి. కానీ అభిమాని చెవి వెతికేది ఆ పాత కేకనే. అది ఏ స్టూడియోలోనూ దొరకదు.

టెస్టమెంట్ బ్యాండ్ కథ దీనికి తలకిందులు. ఆ బృందం ‘లెగసీ’ అనే పేరుతో ఉన్నప్పుడు గాయకుడు స్టీవ్ సూజా. తొలి ఆల్బమ్ రాకముందే ఆయన ఎక్సోడస్‌లోకి, బేలాఫ్ స్థానంలోకి వెళ్ళిపోయాడు. 1987 నాటి ఆ ఆల్బమ్‌లో వినిపించేది చక్ బిల్లీ గొంతు. 2001లో తొలి పాటల్ని ‘ఫస్ట్ స్ట్రైక్ స్టిల్ డెడ్లీ’గా మళ్ళీ రికార్డు చేసినప్పుడు సూజాని పిలిచి రెండు పాటలు పాడించారు. మొదట్లో తప్పిపోయిన గొంతు పదిహేనేళ్ల తర్వాత తన పాట దగ్గరికి వచ్చి చేరింది.

ఒకచోట రీరికార్డింగ్ లేని మనిషిని గుర్తు చేసింది, ఇంకోచోట ఉన్న మనిషికి చోటిచ్చింది. అందుకే ‘ఏది అసలు, ఏది నకలు’ అనే గొడవ నాకు అంతగా రుచించదు. కొత్తది వచ్చినంత మాత్రాన పాతది చెరిగిపోదు. పాతదాన్ని దాచేసి కొత్తదే వినమంటే మాత్రం నేను ఒప్పుకోను. ఎందుకంటే పోయినవాళ్ళ గొంతుకి ఉన్న ఇల్లు ఆ పాత రికార్డింగ్ ఒక్కటే.

ఆసక్తి ఉన్నవాళ్ళు ఎక్సోడస్ పాట ఒకటి ఎంచుకుని ముందు 1985ది, తర్వాత 2008ది వినండి. హాస్టల్లో అయితే దయచేసి ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి!