అర లీటరు గాలి

కొత్త కారు కొన్నవాళ్లలో చాలామందికి మొదటి నెలలోనే ఒక వెలితి తెలుస్తుంది. పాటలో గొంతు బాగుంటుంది, వయొలిన్ బాగుంటుంది. డప్పు దరువు దగ్గరికి వచ్చేసరికి మాత్రం పుల్ల దెబ్బ వినిపిస్తుంది గానీ తోలు మోత వినిపించదు. వాల్యూమ్ పెంచితే తలుపు రేకు గడగడలాడుతుందే తప్ప దరువులో లోతు రాదు. స్టీరియో చెడిపోయిందేమోనని అనుమానపడనక్కర్లేదు. ఇదంతా గాలి లెక్క.

తలుపులో ఉండే ఆరున్నర అంగుళాల స్పీకరు కోను వైశాల్యం సుమారు 130 చదరపు సెంటీమీటర్లు. అది 3 మిల్లీమీటర్లు ముందుకొస్తే తోసే గాలి 40 మిల్లీలీటర్లు. పన్నెండు అంగుళాల సబ్‌వూఫర్ కోను వైశాల్యం సుమారు 480 చదరపు సెంటీమీటర్లు. అది ఒక సెంటీమీటరు కదిలితే దాదాపు అర లీటరు గాలి కదులుతుంది. తేడా పన్నెండింతలు. స్వరం ఒక్కో స్థాయి కిందికి దిగేకొద్దీ, అదే గట్టిదనం నిలవాలంటే నాలుగింతల గాలిని కదపాలి. 80 హెర్ట్జ్ దగ్గర హాయిగా మోగే స్పీకరు 40 దగ్గర నాలుగింతలు, 20 దగ్గర పదహారింతలు ఊగాలి. చిన్న కోనుకు అంత ఊగే చోటే ఉండదు. దానికి తోడు మన చెవి కూడా కింది స్వరాలకు మొండిది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లో ఈ మొండితనాన్ని గీతలు గీసి మరీ చూపించారు. మధ్య స్వరాలంత గట్టిగా వినిపించాలంటే మంద్ర స్వరాలకు ఎన్నో రెట్లు ఎక్కువ బలం కావాలి. ఆ అర లీటరు గాలిని తక్కువ చోటులో, తక్కువ ఖర్చుతో ఎలా కదపాలన్నదే సబ్‌వూఫర్ కథ.

ఈ కథకు అసలు మొదలు 1925. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ ఆ ఏడాది ఒక పత్రం ప్రచురించారు. అయస్కాంతం సందులో తీగచుట్ట, దానికి అతికించిన కాగితపు కోను. చుట్టలో కరెంటు అటూ ఇటూ మారితే కోను ముందుకూ వెనక్కూ కదులుతుంది. అంతకుముందు కూడా తీగచుట్ట స్పీకర్లు ఉన్నాయి గానీ, వాటికి పెద్ద బూర తగిలిస్తే తప్ప మోత వచ్చేది కాదు. బూర లేకుండా కోనే నేరుగా గాలిని తోసేలా, స్వరాలన్నీ సమంగా పలికేలా లెక్కకట్టినవాళ్లు వీళ్లు. నేటికీ కారు తలుపుల్లో, టీవీల్లో, సబ్‌వూఫర్లలో ఉన్నది ఆ నమూనాయే.

కోను కిందిస్వరంలో మోగాలంటే బరువు పెరగాలి, పట్టు సడలాలి. మృదంగం వాయించేవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. కచేరీకి ముందు తొప్పి (ఎడమ) వైపు తడిపిన రవ్వ ముద్ద పెడతారు. బరువు పెరిగి తోలు నెమ్మదిగా ఊగుతుంది, నాదం గంభీరమవుతుంది. సబ్‌వూఫర్ కోను మందంగా, బరువుగా ఉండటానికీ, అంచున మెత్తటి రబ్బరు చుట్టు ఉండటానికీ కారణం అదే.

అయితే కోను ఒక్కటీ చాలదు. అది ముందుకు గాలిని నొక్కేటప్పుడు వెనక గాలి పలచబడుతుంది. కింది స్వరాల్లో ఈ రెండూ చుట్టూ తిరిగివచ్చి ఒకదాన్నొకటి మింగేస్తాయి. అందుకే వెనకవైపు శబ్దాన్ని పెట్టెలో బంధించాలి. లేదా 1930లో బెల్ ల్యాబ్స్ ఇంజినీరు ఆల్బర్ట్ థురాస్ పేటెంటుకు దరఖాస్తు చేసినట్టు, పెట్టెకు లెక్కప్రకారం గొట్టం పెట్టి ఆ శబ్దాన్నీ వాడుకోవాలి. మన కార్ డెకార్స్ షాపుల్లో కనిపించే బేస్ ట్యూబులో ఓ చివర ఉండే బెజ్జం ఆ థురాస్ గొట్టమే.

పెట్టెతో వచ్చిన చిక్కు దాని సైజు. లోపలి గాలి స్ప్రింగులా కోనును వెనక్కి తోస్తుంది. పెట్టె చిన్నదైతే ఆ స్ప్రింగు గట్టిపడి బేస్ పోతుంది. అందుకే 1950ల ఆరంభంలో మంచి బేస్ కావాలంటే ఫ్రిజ్ అంత పెట్టె ఉండాలి. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే ఎడ్గార్ విల్చూర్ దీన్ని తిరగేసి ఆలోచించాడు. గాలి ఎలాగూ స్ప్రింగే కదా, అలాంటప్పుడు కోనుకు వేరే గట్టి స్ప్రింగు ఎందుకు? కోనును బాగా వదులుగా బిగించి, గాలి చొరబడని చిన్న పెట్టెలో పెట్టి, వెనక్కి లాగే పనంతా లోపలి గాలికే అప్పజెప్పాడు. నమూనా చేయడానికి స్పీకరు గట్టి అంచును తీసేశాడు. బదులుగా పెట్టాల్సిన మెత్తటి చుట్టుకు అచ్చు గీసినది, యుద్ధకాలంలో డ్రాఫ్టింగ్ పని చేసిన ఆయన భార్య రోజ్‌మేరీ. వాడినది పరుపులకు కుట్టే గుడ్డ. పేరున్న కంపెనీలు ఈ ఆలోచనను వద్దన్నాయి. దాంతో విల్చూర్ తన విద్యార్థి హెన్రీ క్లాస్‌తో కలిసి అకూస్టిక్ రీసెర్చ్ అనే సంస్థ పెట్టి 1954లో ఏఆర్-1 స్పీకరు తెచ్చాడు. పన్నెండు అంగుళాల వూఫర్ పుస్తకాల అరలో పట్టింది. ఇప్పుడు డిక్కీలో పెట్టే ‘సీల్డ్ బాక్సు’ దాని సంతతే.

చిన్న పెట్టె ఊరికే రాలేదు. క్లాస్ తర్వాత స్థాపించిన కేఎల్‌హెచ్ సంస్థలో ‘హెచ్’ అక్షరానికి కారకుడు ఆంటన్ హాఫ్‌మన్. ఆయన పేరు మీద ఒక ఉక్కు సూత్రం ఉంది: చిన్న పెట్టె, లోతైన బేస్, తక్కువ కరెంటుకే ఎక్కువ మోత. ఈ మూడింట్లో ఏవైనా రెండే దక్కుతాయి. చిన్న పెట్టెలో లోతు కావాలంటే యాంప్లిఫయర్ బలం పెంచాల్సిందే. ఈ బేరాన్ని కాగితం మీదే తేల్చే పద్ధతిని ఆస్ట్రేలియా ఇంజినీరు నెవిల్ థీల్ 1961లో చూపించాడు, సిడ్నీ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ స్మాల్ 1970లలో దాన్ని పూర్తిచేశాడు. సబ్‌వూఫర్ డబ్బాలోని కాగితం మీద కనిపించే ఎఫ్ఎస్, క్యూటీఎస్, వీఏఎస్ అనే అంకెలు వీళ్లిద్దరివే. ఆ అంకెలు చూసి పెట్టె ఎన్ని లీటర్లుండాలో వడ్రంగికి చెప్పొచ్చు.

జనానికి బేస్ రుచి చూపించినది సినిమా. 1974లో యూనివర్సల్ సంస్థ ‘ఎర్త్‌క్వేక్’ చిత్రానికి సెన్‌సరౌండ్ పేరుతో థియేటర్లలో పెద్దపెద్ద వూఫర్లు పెట్టించింది. హాలీవుడ్‌లోని చైనీస్ థియేటరులో పైకప్పు ప్లాస్టరు పెళ్లలు ప్రేక్షకుల మీద పడతాయేమోనని వల కట్టాల్సి వచ్చింది. ఇంట్లో వినే ఎల్పీ రికార్డుల్లో మాత్రం బేస్ ఎక్కువైతే గాడి అటూఇటూ బాగా ఊగి పక్క గాడిని తాకుతుంది కాబట్టి అక్కడ కోత తప్పేది కాదు. 1982లో వచ్చిన సీడీకి ఆ ఇబ్బంది లేదు. అంతకు రెండేళ్ల ముందు జపాన్ రోలాండ్ కంపెనీ తెచ్చిన టీఆర్-808 అనే డ్రమ్ యంత్రం, దీర్ఘంగా మోగే బేస్ దెబ్బను హిప్‌హాప్ సంగీతానికి పునాది చేసింది. పాటలోకి బేస్ వచ్చాక అది కారులో ఎందుకు మోగదన్న ప్రశ్న రాక తప్పలేదు.

కారులో పాట అప్పటికే పాతది. గాల్విన్ సోదరుల సంస్థ 1930లోనే మోటరోలా పేరుతో కారు రేడియో అమ్మింది. చిక్కల్లా బ్యాటరీతోనే. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కారులో ఉండేది దాదాపు 14.4 వోల్టులు. స్టీరియో లోపలి చిప్ దాన్నంతా పిండుకున్నా, 4 ఓమ్‌ల స్పీకరుకు వక్రీకరణ లేకుండా ఇవ్వగలిగేది 26 వాట్లు. నష్టాలు పోను చేతికొచ్చేది 20. డబ్బా మీద ‘50x4’ అని అచ్చేసినా సరే, ఇంతకు మించదు. అంతకన్నా కావాలంటే ముందు వోల్టేజినే పెంచాలి. విడిగా కొనే యాంప్‌లో సగం చోటు తినేసే రాగితీగల చుట్టలు ఆ పని చేసేవే. యాంప్ బ్యాటరీ కరెంటును సెకనుకు వేలసార్లు ఆపి, వదిలి, ట్రాన్స్‌ఫార్మరు గుండా పెద్ద వోల్టేజిగా మారుస్తుంది.

ఇంతవరకూ అన్నీ కష్టాలే. కారు చేసే మేలు ఒకటుంది, అది ఏ డ్రాయింగ్ రూముకూ లేనిది. 40 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు ఎనిమిదిన్నర మీటర్లు. చిన్న కారు లోపలి పొడవు రెండున్నర మీటర్లు ఉంటుందనుకుందాం. తరంగంలో సగం కూడా పట్టని చోట శబ్దం అలలా నడవదు. కోను ముందుకొచ్చిన ప్రతిసారీ కారు లోపలి గాలి అంతా ఒక్కసారే నొక్కుకుంటుంది, వెనక్కెళితే సడలుతుంది. సుమారు 70 హెర్ట్జ్ కింది నుంచి ఇది మొదలవుతుంది. సిద్ధాంతం ప్రకారం ఒక్కో స్థాయి దిగేకొద్దీ 12 డెసిబెల్స్ అదనంగా కలిసొస్తాయి. సీల్డ్ బాక్సులో వూఫర్ తన హద్దు దాటాక స్థాయికి పడిపోయేది కూడా సరిగ్గా 12 డెసిబెల్సే. ఒకటి పడిపోయినంత రెండోది లేపుతుంది. రేకులు వణకడం, సందుల్లోంచి గాలి పోవడం వల్ల నిజం కారులో లాభం అంతకన్నా తక్కువే. అయినా ఇంట్లో భారీ పెట్టె అడిగే లోతు కారులో 28 లీటర్ల బాక్సుతో వచ్చేస్తుంది. 250 లీటర్ల హ్యాచ్‌బ్యాక్ డిక్కీలో అది తొమ్మిదో వంతు. కిటికీ అద్దాలన్నీ దించి అదే పాట వినండి, బేస్ ఎక్కడికి పోయిందా అనిపిస్తుంది.

అలాంటప్పుడు కంపెనీయే ఎందుకు పెట్టి ఇవ్వదు? కొన్ని ఇస్తున్నాయి. టాటా హారియర్ పై వేరియంట్లలో జేబీఎల్ సెట్టు సబ్‌వూఫర్‌తోనే వస్తుంది. కింది వేరియంట్లలో ఖర్చు, బరువు, డిక్కీ చోటు లెక్కలోకొస్తాయి. సీఎన్‌జీ కారైతే చాలావాటిలో డిక్కీలో సిలిండరే ఉంటుంది. అలాంటి కార్లలో సీటు కిందికి దూరే ఎనిమిది అంగుళాల పలచటి సబ్ గతి. తోసే గాలి తక్కువే అయినా కారు చేసే మేలు దానికీ అందుతుంది.

కంపెనీ స్టీరియోకు బయటి సబ్ తగిలించడంలో మొదటి మెలిక సిగ్నల్. చాలా కంపెనీ సెట్లకు యాంప్‌కు ఇచ్చే ఆర్‌సీఏ సాకెట్లు ఉండవు. వెనక స్పీకరు వైర్ల నుంచే తీసుకోవాలి. ఆ వైర్ల మీద పాటతో పాటు బ్యాటరీలో సగం, అంటే దాదాపు 6 వోల్టులు, ఎప్పుడూ నిలబడి ఉంటాయి. తెలివైన యాంప్‌లు వాటిని చూసే ‘స్టీరియో ఆన్ అయింది’ అని గ్రహించి మేలుకుంటాయి, వేరే రిమోట్ వైరు అక్కర్లేదు. వైరు కోయకుండా మధ్యలో దూర్చే కప్లర్ సెట్టు వాడితే వారంటీ పేచీ వచ్చే అవకాశం తక్కువ. రెండో మెలిక ఇంకా సూక్ష్మం. తలుపు స్పీకర్లు చిరిగిపోకుండా చాలా కంపెనీ సెట్లు వాల్యూమ్ పెరిగేకొద్దీ బేస్‌ను గుట్టుగా కోసేస్తాయి. ఆ కోసిన సిగ్నలే సబ్‌కు వెళితే, పాట పెరిగేకొద్దీ దరువు తగ్గుతుంది. దానికి బేస్‌ను తిరిగి నింపే కన్వర్టరో, డీఎస్‌పీనో (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసర్) పెట్టాలి.

మూడో మెలిక కరెంటు. 500 వాట్ల డీ-క్లాస్ యాంప్ నిండుగా మోగితే 50 ఆంపియర్లు లాగుతుంది. ఒక హెడ్‌లైట్ బల్బు లాగేది అయిదు లోపే. బ్యాటరీ నుంచి డిక్కీకి 5 మీటర్ల 4 గేజ్ రాగి వైరు వేస్తే దారిలో పోయేది 0.2 వోల్టు. 8 గేజ్ వేస్తే అర వోల్టు. రాగి పూత పూసిన అల్యూమినియం వైరు అదే మందంలో ఇంకో సగం ఎక్కువ తింటుంది. చవక వైరు కిట్లలో ఉండేది తరచూ ఇదే. ఫ్యూజు బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపే ఉండాలి. అది యాంప్‌ను కాపాడటానికి కాదు, దారిలో ఎక్కడైనా వైరు తోలు చీలి రేకుకు తగిలితే కారు తగలబడకుండా ఉండటానికి. ఇంజిన్ గోడ దాటేచోట రబ్బరు గ్రామెట్ లేకపోతే ఆ చీలిక ఖాయం.

ఎర్త్ దగ్గర మంచి మెకానిక్ ఎవరో తెలిసిపోతుంది. డిక్కీ కార్పెట్ ఎత్తి, బోల్టు చుట్టూ పెయింటును సాండ్‌పేపరుతో గీకి, తెల్లటి రేకు కనిపించాక లగ్ బిగిస్తాడు. పెయింటు మీదే బిగించేస్తే యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ స్పీకర్లలో సన్నటి ఈల పెరుగుతుంది. ఆల్టర్నేటరు పాడే పాట అది.

చివరిది ట్యూనింగ్. ‘గెయిన్’ నాబ్ వాల్యూమ్ కాదు, స్టీరియో బలానికీ యాంప్ బలానికీ పొత్తు కుదిర్చేది. సబ్ వైర్లు ఊడదీసి, 50 హెర్ట్జ్ టోన్ వేసి, మల్టీమీటరు పెట్టాలి. 200 వాట్లు, 4 ఓమ్‌లు అయితే మీటరులో 28 వోల్టులు వచ్చేవరకే తిప్పాలి. అక్కడి నుంచి తిప్పినదంతా కాయిల్‌ను కాల్చడమే. కింది స్వరాలను సబ్‌కూ మిగతావి తలుపు స్పీకర్లకూ పంచే క్రాసోవరును 80 హెర్ట్జ్ చుట్టూ ఉంచితే దరువు డ్యాష్‌బోర్డు వైపు నుంచే వస్తున్నట్టుంటుంది. అంత పొడవాటి తరంగాల దిక్కు మన చెవికి తెలియదు, పుల్ల దెబ్బ మాత్రం తలుపుల నుంచి వస్తుంది కాబట్టి మనసు దరువునూ అక్కడికే జతచేస్తుంది. దరువు డిక్కీలోంచి వస్తోందంటే క్రాసోవరు ఎక్కువైనా అయుండాలి, వెనక ఏదో రేకు అదిరైనా ఉండాలి.

కాబట్టి బేరమాడేటప్పుడు వాట్ల సంఖ్య పక్కన పెట్టి మూడే ప్రశ్నలు అడగండి: వైరు అసలు రాగేనా, ఫ్యూజు ఎక్కడ పెడతారు, గెయిన్ మీటరు పెట్టి చూస్తారా? వాటికి తడుముకోకుండా జవాబు వచ్చిన చోట 200 వాట్లు చాలు. రాని చోట వెయ్యి వాట్లు బిగించినా మోగేది నంబరు ప్లేటే.