ఛాయాచిత్రములను దిద్దు సాఫ్ట్‌వేర్: కూర్పు మారినచో ఏమగును?

ఒక పుస్తకమునకు కొత్త కూర్పు వెలువడినంత మాత్రమున, బీరువాలోని పాత కూర్పులో అక్షరములు మారిపోవు. కాని ఛాయాచిత్రములను దిద్దు సాఫ్ట్‌వేర్‌కు కొత్త కూర్పు వచ్చినపుడు, ఎన్నడో దిద్ది దాచిన చిత్రము వేరొక విధముగా కనబడుట సంభవమే. 2009లో ఒక పాఠశాల వార్షికోత్సవమున తీసిన చిత్రమును అప్పటి లైట్‌రూమ్ 2లో దిద్ది ఉంచినారనుకొందము. అటుపిమ్మట కెమెరా ఇచ్చిన ఆ ఫైలును ఎవరును ముట్టలేదు. అందులో ఒక్క అంకెయు మారలేదు. అయినను కొత్త కూర్పులో దానిని తెరచి, కొత్త పద్ధతికి మార్చుమని ఒక మీట నొక్కగానే, నీడలోనున్న పిల్లల ముఖములు తేటపడవచ్చును. తెల్లచొక్కాల మడతలు కొత్తగా పైకి రావచ్చును. లేదా దిద్దినవారు కోరి ఉంచిన చీకటి కాస్త పలచబడిపోవచ్చును. ఫైలు మారకుండ చిత్రము మారుట ఎట్లు?

ఇందుకు సమాధానము కెమెరాలోనే మొదలగును. డిజిటల్ కెమెరాలో ఫిల్ముకు బదులు సెన్సర్ ఉండును. దానిపై లక్షలకొలది కాంతిగ్రాహకములు చదరంగపు గళ్లవలె పేర్చబడి ఉండును. ప్రతి గ్రాహకము తనపై ఎంత కాంతి పడినదో మాత్రమే కొలువగలదు. ఆ కాంతి ఏ రంగుదో చెప్పజాలదు. అందుచేత ఒక్కొక్క గడిపై ఎరుపు గాని, ఆకుపచ్చ గాని, నీలము గాని ఒక చిన్న వడపోత పలుకను అమర్చెదరు. కొడాక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ రూపొందించగా 1976లో పేటెంటు లభించిన అమరిక నేటికిని చాల కెమెరాలలో వాడుకలో నున్నది. దానిలో ప్రతి నాలుగు గళ్లకు రెండు ఆకుపచ్చవి, ఒకటి ఎర్రది, ఒకటి నీలిది. వెలుగులోని సూక్ష్మభేదములను గుర్తించుటలో మానవనేత్రము ఆకుపచ్చ కాంతిపై ఎక్కువగా ఆధారపడును గనుక ఆ రంగుకు రెండు వాటాలు దక్కినవి.

దీని ఫలితమేమనగా, ఏ గడియందైనను మూడు రంగులలో ఒక్కటి మాత్రమే నిజముగా కొలువబడినది. తక్కిన రెండింటిని ఇరుగుపొరుగు గళ్లను చూచి లెక్కకట్టవలెను. ఈ లెక్కను కెమెరాయే చేసి జేపెగ్ చిత్రముగా ఇచ్చినచో, ఒక్కొక్క రంగునకు 256 మెట్లు మాత్రమే మిగులును. లెక్క చేయకుండ సెన్సర్ కొలిచిన అంకెలనే దాచినచో, అది ముడి ఫైలు. ఛాయాచిత్రకారులు దానిని ‘రా’ ఫైలు అందురు. అందులో 12 బిట్లైనచో 4,096 మెట్లు, 14 బిట్లైనచో 16,384 మెట్లు ఉండును. ముడి ఫైలు కంటికి కనబడు చిత్రము కాదు. అది చిత్రమునకు కావలసిన సరుకు.

లైట్‌రూమ్ వంటి సాఫ్ట్‌వేర్ ఈ సరుకును ఎన్నడును మార్చదు. వెలుగు ఇంత పెంచుము, నీడను ఇంత తగ్గించుము, ఈ మూలను కత్తిరించుము అను ఆదేశములను మాత్రమే విడిగా వ్రాసి ఉంచును. తెరపై చూపునపుడెల్ల సరుకును, ఆదేశములను కలిపి చిత్రమును అప్పటికప్పుడు తయారుచేయును. ఆవకాయకు మామిడికాయలు, ఆవపిండి ఒకచోట, పాళ్లు వ్రాసిన కాగితము మరొకచోట ఉన్నట్లే. ఆ కాగితములో ‘సోలెడు ఉప్పు’ అని ఉన్నదనుకొందము. వ్రాసిన ఇంటిలోని సోల చిన్నది, చదివిన ఇంటిలోని సోల పెద్దది అయినచో, కాగితము తప్పు కాదు, కాయలు తప్పు కావు. అయినను ఆవకాయ ఉప్పుకషాయమగును.

సాఫ్ట్‌వేర్ కూర్పులు మారినపుడు సరిగా ఈ సోలయే మారినది. అడోబి సంస్థ 2003లో కెమెరా రా అను ఉపకరణమును ఫొటోషాప్‌కు జతగా విడుదల చేసినది. లైట్‌రూమ్ మొదటి కూర్పు 2007లో వచ్చినది. ఆదేశములను చదివి చిత్రమును తయారుచేయు పద్ధతి రెండింటిలోను ఒకటే. 2010లో లైట్‌రూమ్ 3తో పాటు చిత్రములోని గరుకును తగ్గించు లెక్కలు, అంచులకు పదును పెట్టు లెక్కలు మారినవి. 2012లో లైట్‌రూమ్ 4తో వచ్చిన మార్పు ఇంకను పెద్దది. అంతవరకు ‘రికవరీ’, ‘ఫిల్ లైట్’, ‘బ్రైట్‌నెస్’ అను మీటలుండెడివి. వాటిని తొలగించి ‘హైలైట్స్’, ‘షాడోస్’, ‘వైట్స్’ అను కొత్త మీటలను పెట్టినారు. పాత పద్ధతిలో ముడి ఫైలును తెరచిన వెంటనే బ్రైట్‌నెస్ 50, కాంట్రాస్ట్ 25, బ్లాక్స్ 5 అని ఉండెడిది. కొత్త పద్ధతిలో అన్నియు సున్న.

‘బ్లాక్స్’ అను మీట కథ విద్యార్థులు ప్రత్యేకముగా గమనింపదగినది. దాని పేరు రెండు పద్ధతులలోను ఒకటే. కాని పాత పద్ధతిలో దానిని 20కి జరిపినచో నలుపు చిక్కబడెడిది. కొత్త పద్ధతిలో అదే 20కి జరిపినచో నలుపు పలచబడును. చిక్కబరచవలెనన్నచో సున్నకు దిగువన, ఋణసంఖ్యలవైపు జరుపవలెను. పేరు మారక, అంకె మారక, అర్థము మాత్రము తలక్రిందులైనది! భౌతికశాస్త్రములో అక్షముల దిశను చెప్పకుండ సమీకరణము వ్రాసినచో ఏమగునో ఇచ్చటను అదియే.

అందువలననే అడోబి సంస్థ ప్రతి ఆదేశపత్రముపైన అది ఏ పద్ధతికి చెందినదో తెలుపు సంఖ్యను వ్రాయు ఏర్పాటు చేసినది. ఈ ఆదేశములను ఎక్స్‌ఎమ్‌పీ అను మామూలు అక్షరముల ఫైలుగా కూడ దాచవచ్చును. దానిని ఏ సాధారణ లేఖన సాఫ్ట్‌వేర్‌లోనైనను తెరచి చదువవచ్చును. 2010 నాటి పద్ధతియైనచో అందులో 5.7 అనియు, 2012 నాటిదైనచో 6.7 అనియు ఉండును. కొత్త కూర్పు ఈ సంఖ్యను చూచి పాత ఆదేశములకు పాత లెక్కనే వాడును. కొత్త వంటగదిలో పాత సోలను కూడ దాచి ఉంచిరన్నమాట. ఇది మిక్కిలి మెచ్చదగిన ఏర్పాటు. లైట్‌రూమ్ 4లో పాత పద్ధతి చిత్రము ప్రక్కన ఆశ్చర్యార్థకపు గుర్తు కనబడెడిది. దానిని నొక్కినపుడే చిత్రము కొత్త పద్ధతికి మారెడిది; ఒక్కదానిని మాత్రమే గాక ఎదుటనున్న చిత్రములన్నింటిని ఒకేసారి మార్చు వీలును ఉండెడిది. చిక్కంతయు ఈ రెండవ వీలులోనే ఉన్నది. సాఫ్ట్‌వేర్ పాత అంకెలను కొత్త అంకెలుగా తర్జుమా చేయ ప్రయత్నించును గాని, తర్జుమా ఎంత చక్కనిదైనను మూలము కాదు. ఒక పెండ్లి ఆల్బములోని వందలాది చిత్రములను చూడకుండ ఒక్క నొక్కుతో మార్చుట సాహసమే.

ఇంతమాత్రమున కొత్త కూర్పును చూచి భయపడ పనిలేదు. ఫిల్మును ఒకసారి రసాయనములలో కడిగిన తరువాత మరల మొదటినుండి కడుగుట అసాధ్యము. కడుగునపుడు జరిగిన లోపము శాశ్వతము. ముడి ఫైలును ఎన్నిసార్లైనను కొత్తగా ‘కడుగవచ్చును’. 2023లో లైట్‌రూమ్ క్లాసిక్‌లో చేర్చిన డీనాయిస్ అను సాధనము, అసంఖ్యాకమైన ఉదాహరణలనుండి నేర్చుకొన్న లెక్కలతో గరుకును తొలగించును. చాలీచాలని వెలుతురులో తీసిన 2009 నాటి ముడి ఫైలు, ఆ నాటి సాఫ్ట్‌వేర్ చూపలేని తేటదనమును ఈనాడు చూపగలదు. కెమెరా పాతదే, సరుకు పాతదే. లెక్క మాత్రము పదునెక్కినది. జేపెగ్‌ను మాత్రమే మిగుల్చుకొన్నవారికి ఈ లాభము పూర్తిగా దక్కదు.

మరియొక సంగతి. లైట్‌రూమ్ తన ఆదేశములను, చిత్రముల చిరునామాలను క్యాటలాగు అను ఒక పట్టికలో ఉంచును. పెద్ద కూర్పు మారినపుడు ఆ పట్టికకు కొత్త నమూనాలో మరొక ప్రతి తయారగును. పాత పట్టిక ఉన్నచోటనే ఉండును. కాని కొత్త పట్టికను పాత కూర్పు చదువలేదు. కొత్త దానిలో నెల దినములు పనిచేసి, నచ్చక పాతదానికి మరలినవారికి ఆ నెల దినముల దిద్దుబాట్లు పాత పట్టికలో కనబడవు. పోనీ, పాత కూర్పునే పదిలముగా ఉంచుకొందమన్నను కంప్యూటరు ఒప్పుకొనవలెను గదా! 2019లో వచ్చిన మాక్ ఓఎస్ కాటలీనా 32 బిట్ల సాఫ్ట్‌వేర్‌ను నడుపుట మానివేసినది. లైట్‌రూమ్ 6 తాను 64 బిట్లదే అయినను, దానిని స్థాపించు భాగము 32 బిట్లది గనుక ఆ యంత్రములలో కొత్తగా స్థాపించుటకు వీలులేకపోయినది. కావున ముఖ్యమైన చిత్రమునకు ముడి ఫైలు, ఆదేశములతో పాటు, పూర్తిగా తయారైన చిత్రమును టిఫ్ రూపములో దాచుట మేలు. వంటకము కాగితముతో పాటు జాడీలో ఆవకాయ కూడ ఉండవలెను.

తెలుగు అక్షరములు చేర్చిన చిత్రములకు ఈ జాగ్రత్త మరింత అవసరము. యూనికోడ్‌లో తెలుగునకు 1991లోనే స్థానము లభించినను, ముద్రణాలయములలోను ఫొటో స్టూడియోలలోను చిరకాలము వేరొక పద్ధతి నడిచినది. ఆ ఫాంటులలో రోమన్ అక్షరముల స్థానములందు తెలుగు అక్షరముల ముక్కలను ఉంచెడివారు. కొత్త యంత్రములో ఆ ఫాంటు లేనిచో, ‘శుభాకాంక్షలు’ అన్నచోట అర్థములేని రోమన్ అక్షరములు బారులు తీరును. దీనికితోడు టైప్ 1 అను పాతతరము ఫాంటులను ఫొటోషాప్ 2021లో వదిలివేసినది. అట్టి ఫాంటుతో వ్రాసిన పాత ఫైలులో అక్షరముల బొమ్మ కనబడవచ్చును గాని, వాటిని మరల దిద్దుట సాధ్యము కాదు.

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో ప్రయోగముగా చూపవచ్చును. లైట్‌రూమ్ క్లాసిక్‌లో ఒకే ముడి ఫైలునకు మూడు నకళ్లు తీయవలెను. ఫైలు ఒక్కటే ఉండును, ఆదేశములు మాత్రము మూడు. ‘క్యాలిబ్రేషన్’ అను భాగములో పద్ధతిని ఎన్నుకొను మీట ఉన్నది. ఒక నకలును 2003 పద్ధతికి, రెండవదానిని 2012 పద్ధతికి, మూడవదానిని నేటి పద్ధతికి మార్చి ప్రక్కప్రక్కన పెట్టవలెను. చిత్రమంతటిని ఒకేసారి చూచినచో భేదము అంతగా తోచదు. కిటికీ వెలుతురుకు ఎదురుగానున్న తెల్లబట్ట అంచును, నల్లని జుట్టులోని నీడను పెద్దవి చేసి చూపినచో వెనుక బెంచీలోనివారికి కూడ అది స్పష్టముగా తెలియును.