ఆగని సంకేతం: కీళ్లవాతానికీ లింఫోమాకూ ఉన్న చుట్టరికం

శరీరంలోకి చొరబడిన సూక్ష్మజీవిని గుర్తించిన లింఫోసైట్ అనే తెల్ల రక్తకణం ఆ వార్తను తన పైపొర నుంచి కేంద్రకానికి చేరవేస్తుంది; ఆ వార్తను ఒకదాని నుంచి మరొకటి అందుకుని మోసే బీటీకే, జాక్, స్టాట్, ఎన్‌ఎఫ్ కప్పా బీ వంటి అణువులే సంకేత ప్రొటీన్లు. వీటి ప్రేరణతోనే కణం విభజన చెంది వేలాదిగా పెరుగుతుంది, పోరు ముగిశాక ఏ20 వంటి నిరోధక ప్రొటీన్లు సంకేతాన్ని అణచివేయగా అదనపు కణాలు తమంతట తామే నశిస్తాయి.

అణచవలసిన చోట అణచలేకపోవడమే రెండు వేర్వేరు తరహా వ్యాధులకు దారి తీస్తుంది. ఏ20 జన్యువులో పుట్టుకతో వచ్చే కొన్ని స్వల్ప భేదాలు లూపస్‌కూ, కీళ్లవాతానికీ, అంటే రోగనిరోధక శక్తి సొంత అవయవాలపైనే తిరగబడే స్వయం ప్రతిరక్షక వ్యాధులకూ అవకాశాన్ని పెంచుతాయి. అదే జన్యువు ఒక లింఫోసైట్‌లో పూర్తిగా చెడిపోతే ఆ కణం సంతతి అదుపు తప్పి లింఫోమా అనే క్యాన్సర్‌గా మారవచ్చు. కళ్లూ నోరూ ఎండిపోయే షోగ్రెన్ వ్యాధిలో బీ కణాలనే ఒక రకం లింఫోసైట్లు ఏళ్ల తరబడి ప్రేరణకు లోనై విభజన చెందుతూనే ఉంటాయి కనుక, ప్రతి విభజనలోనూ జన్యుదోషం చొరబడే అవకాశం ఉండి, ఆ రోగులలో లింఫోమా ముప్పు ఇతరులకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది. అయినా వారిలో అత్యధికులకు క్యాన్సర్ రాదన్న మాటను రోగులకు తప్పక చెప్పాలి.

ఈ చుట్టరికం మందులలోనూ కనబడుతుంది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో నడిపిన ఫోలిక్ ఆమ్ల పరిశోధన నుంచి వచ్చిన అమినోప్టెరిన్ అనే మందుతో ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలలో వ్యాధి తాత్కాలికంగా తగ్గుముఖం పట్టిందని 1948లో వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ప్రకటించారు. ఆ కోవలోనిదే అయిన మెథోట్రెక్సేట్ నేటికీ ల్యుకేమియాలో వాడుకలో ఉండగా, కీళ్లవాతానికి 1988లో అమెరికా ఆమోదం పొందింది. ఇది జాక్–స్టాట్ సంకేతాన్ని కూడా అణచివేస్తుందని 2015లో ఒక బ్రిటిష్ బృందం ప్రయోగశాలలో చూపింది. కీళ్లవాతానికి ఈ పసుపుపచ్చని మాత్రను వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వాడితే నోట్లో పుండ్లు పడి, ఎముక మూలుగ దెబ్బతిని, ప్రాణం మీదికి వస్తుంది. మెథోట్రెక్సేట్ లాగే రెండు తరహా వ్యాధులకూ వాడే, బీ కణాలను తొలగించే రిటుక్సిమాబ్ 1997లో లింఫోమాకు, 2006లో కీళ్లవాతానికి అమెరికా ఆమోదం పొందగా, హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ 2007లో దానికి సరిసమానమైన మందును భారతదేశంలో విడుదల చేసింది. నేరుగా సంకేత ప్రొటీన్లనే పట్టుకునే మందులు ఆ తరువాత వచ్చాయి: కీళ్లవాతానికి జాక్‌ను అడ్డుకునే టోఫాసిటినిబ్ 2012లో, ఒక రకం లింఫోమాకు బీటీకేను అడ్డుకునే ఇబ్రూటినిబ్ 2013లో.

ఇలాంటి చికిత్సలకు చిత్తూరు ప్రాంతపు రోగులకు 1993లో మొదలైన తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి, 1986లోనే మూలుగ మార్పిడి చేసిన వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి అందుబాటులోనే ఉన్నాయి. వ్యాధిని గుర్తించడంలో ఆలస్యం మాత్రం అక్కడికి చేరకముందే జరుగుతుంది: కీళ్లనొప్పులకు మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ మాత్రలు లింఫోమాతో ఉబ్బిన లింఫు గ్రంథి బిళ్లను తాత్కాలికంగా కరిగించి వ్యాధి ఆనవాలును చెరిపేస్తాయి, మెడ బిళ్ల అంటే క్షయేనని ముందే నిర్ణయించుకోవడం నెలలను వృథా చేస్తుంది. కాబట్టి మెడలోనో, చంకలోనో, గజ్జల్లోనో కట్టిన బిళ్ల కొన్ని వారాలైనా తగ్గకపోతే, ముఖ్యంగా లూపస్, షోగ్రెన్ రోగులు, స్టెరాయిడ్ మొదలుపెట్టక ముందే ముక్క పరీక్ష (బయాప్సీ) చేయించుకోవాలి.