పాటల ప్లేయర్‌లో మాట వినపడాలంటే

సరిహద్దు గ్రామాల తెలుగు కుటుంబాల్లో చాలామంది పిల్లల చదువు కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో సాగుతున్నది. అటువంటి ఇళ్లలో తెలుగు అధికభాగం చెవి ద్వారానే పిల్లలకు చేరుతుంది. అవ్వ చెప్పే కథ, తాత ఎత్తుకునే నాటక పద్యం, ఉత్సవాల నాటి హరికథ, సినిమా పాట; వీటన్నింటికీ తోడు జేబులో ఇమిడే పాటల ప్లేయర్, లేదా ఆ పని చేసే సెల్‌ఫోన్. తెలుగు అక్షరం రాని పిల్లవాడికి ఒక విధంగా అదే వాచకం.

ఆ వాచకం గురించి పెద్దల ఫిర్యాదు తరచుగా ఒకటే. పాట వినిపిస్తున్నది గాని మాట వినిపించడం లేదు. డోలు దద్దరిల్లుతుంది; గాయకుడు మాత్రం గోడ అవతల నిలిచి పాడుతున్నట్లుంటాడు. చెవి మందగించిందని పెద్దలు, యంత్రం నాసిరకమని పిల్లలు సరిపెట్టుకుంటారు. అనేక సందర్భాల్లో ఈ రెండూ కారణం కావు. ప్లేయర్ లోపలి అమరికలు మాటకు కాక మోతకు అనుకూలంగా ఉండటమే అసలు కారణం.

జేబులో పట్టే ఎంపీత్రీ ప్లేయర్ మొదటిసారి 1998లో కొరియా నుంచి మార్కెట్టులోకి వచ్చింది. దాని 32 మెగాబైట్ల జ్ఞాపకశక్తిలో సుమారు అరగంట పాటలు మాత్రమే పట్టేవి. 2001లో వచ్చిన ఐపాడ్ ఈ వస్తువును లోకమంతటా ప్రసిద్ధం చేసింది. 2022లో దాని తయారీని ఆ కంపెనీ నిలిపివేసింది. అయినా చిన్న ప్లేయర్లు, మెమరీ కార్డు పెట్టుకునే స్పీకర్ పెట్టెలు నేటికీ అమ్ముడవుతూనే ఉన్నాయి. వాటిలోని అమరికలు ఇరవై ఏళ్ల క్రితం నాటి పేర్లతోనే కొనసాగుతున్నాయి. సెల్‌ఫోన్లలోనూ అవే పేర్లు కనబడతాయి.

వాటిలో ముఖ్యమైనది ఈక్వలైజర్. ధ్వనిలోని కంపనాలను సెకనుకు ఇన్ని అని లెక్కిస్తారు. ఆ కొలతకు హెర్ట్జ్ అని పేరు. ఆరోగ్యంగా ఉన్న యువకుల చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు వినగలదు. వయసు పెరిగేకొద్దీ పై అంచు తగ్గుతూ వస్తుంది. డోలు మోత, తబలాలోని డగ్గా, బాస్ గిటారు ప్రధానంగా 200 హెర్ట్జ్ లోపల ఉంటాయి. మాట మాత్రం అంతకు ఎగువన నివసిస్తుంది. అచ్చులను ఒకదాని నుంచి మరొకదాన్ని వేరుచేసే ధ్వని స్థూలంగా 300 నుంచి 3,000 హెర్ట్జ్ మధ్య ఉంటే, హల్లుల పదును 2,000 నుంచి 8,000 వరకు విస్తరించి ఉంటుంది. పాత టెలిఫోను 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే మోసుకువెళ్లేది. అందువల్లనే ఫోనులో ఊరి పేరు చెబితే అవతలివారు మళ్లీ మళ్లీ అడిగేవారు.

తెలుగు విషయంలో ఈ పై భాగం ఎంత విలువైనదో రెండు మూడు మాటలతో తెలిసిపోతుంది. శరము అంటే బాణం, సరము అంటే హారం. కరము అంటే చేయి, ఖరము అంటే గాడిద. శ, స భేదం పూర్తిగా ఎగువ కంపనాల్లోనే ఉన్నది. క, ఖ భేదం అక్షరం చివర వెలువడే చిన్న ఊపిరిలో ఉన్నది. ఆ ఊపిరి మోతలో మునిగితే కరము ఖరమైనా వినేవారికి తెలియదు.

సరిహద్దు పిల్లలకు ఇది మరింత అవసరం. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. హోసూరు, కృష్ణగిరి వైపు తమిళ మాధ్యమంలో చదివే తెలుగు పిల్లవాడికి ఈ భేదాన్ని పలక మీద చూపేవారు బడిలో ఉండరు. ఒడియా లిపిలో శ, ష, సలకు వేర్వేరు అక్షరాలున్నా, మాటలో మూడింటినీ స గానే పలకడం పరిపాటి. బరంపురం, రాయగడ ప్రాంతాల పిల్లలు శ కారాన్ని నేర్చుకోవలసింది వినికిడితోనే. కన్నడంలో చదివేవారికి ఈ ఇబ్బంది లేదు. ఆ వర్ణమాల తెలుగుకు తోబుట్టువు వంటిది. కనుక ప్లేయర్‌లో ఆ ధ్వనులు చెరిగిపోతే కొన్ని ఊళ్లలో అది పాట ఒక్కదానికే జరిగే నష్టం కాదు.

చిన్న ప్లేయర్లలో ఈక్వలైజర్ కింద నార్మల్, రాక్, పాప్, క్లాసిక్, సాఫ్ట్, జాజ్, డీబీబీ అనే పేర్లు వరుసగా కనిపిస్తాయి. డీబీబీ అనేది కింది మోతను పెంచే అమరిక. కొత్తగా కొన్న రోజున దుకాణంలో దీన్ని పెట్టి వినిపించడం వాడుక, ఎందుకంటే మోత ఎక్కువైతే వస్తువు గట్టిదనిపిస్తుంది. రాక్ సాధారణంగా కింది మోతను, పై సరసరను పెంచి మధ్యభాగాన్ని లోపలికి నొక్కుతుంది. నొక్కుడు పడిన ఆ మధ్యభాగమే మాట ఉండే చోటు. మిగిలిన పేర్లు ఒక్కో కంపెనీలో ఒక్కో తీరుగా ఉంటాయి గనుక పేరును బట్టి నిర్ణయించరాదు. మొదట నార్మల్‌కు మార్చి, బాగా తెలిసిన ఒక పద్యాన్ని వినాలి. ఈ ఒక్క మార్పుతోనే సగం ఫిర్యాదులు తీరతాయి.

యూజర్ లేదా కస్టమ్ అనే అమరిక ఉన్నట్లయితే అందులో ఐదు గీతలు కనబడతాయి. ఎడమ చివరిది కింది మోత, కుడి చివరిది పై సరసర. ఎడమ గీతను నాలుగైదు డెసిబెల్స్ దించాలి. రెండవదాన్ని రెండు దించవచ్చు. మధ్య గీతను కదపవద్దు. 3,000 లేదా 4,000 హెర్ట్జ్ అని రాసి ఉన్న గీతను రెండు మూడు పెంచితే చాలు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు అన్ని గీతలనూ పైకి నెట్టడం. పాట అప్పటికే నిండుగా రికార్డయి ఉంటుంది. నిండిన కుండలో మరో చెంబెడు పోసినట్లుగా, పెంచిన ధ్వని అంచులు దాటి గరగరమంటుంది. పెంచడం కంటే తగ్గించడమే ఈ పనిలో తెలివి.

దీనికంటే ముందు చూడవలసినది ఒకటున్నది. చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్ వదులుగా ఉంటే కింది ధ్వని బయటికి జారిపోతుంది. మోత చాలలేదని వినేవారు బాస్ పెంచుతారు. సరైన కొలత రబ్బరు తొడుగు వేసుకుంటే బాస్ పెంచవలసిన అవసరమే రాదు.

78 తిరుగుళ్ల గ్రామఫోను పలకల నుంచి ఎక్కించిన పాత నాటక పద్యాలకు వేరే పద్ధతి కావాలి. ఆ పలకల్లో పై కంపనాలు సహజంగానే తక్కువ. అక్కడ కుడి చివరి గీతను పెంచితే గాయకుడి గొంతు పెరగదు. సూది రాపిడి చప్పుడు మాత్రం పెరుగుతుంది. దాన్ని నాలుగైదు దించడమే మేలు. అలాగే దుకాణాల్లో ఒక కార్డులో ఎక్కువ పాటలు పట్టాలని బాగా కుదించి ఎక్కించడం ఉన్నది. సెకనుకు 128 కిలోబిట్ల లెక్కన నిమిషం పాటకు దాదాపు ఒక మెగాబైట్ పడుతుంది. 64కు కుదిస్తే సగం చోటు మిగులుతుంది, కాని శ, స, ఛ వంటి ధ్వనుల పదును అరిగిపోతుంది. అలా పోయినదాన్ని ఏ అమరికా వెనక్కు తేలేదు. తక్కువ పాటలైనా 128కి తగ్గకుండా ఎక్కించమని దుకాణంలో ముందే అడగడం మంచిది.

అన్నాచెల్లెళ్లు ఒక ఇయర్‌ఫోన్ జతను చెరొక చెవిన పెట్టుకుని వినడం ఇళ్లలో చూస్తూనే ఉంటారు. స్టీరియోలో రికార్డయిన పాటలో, నాటకంలో కొంత ధ్వని కుడివైపు, కొంత ఎడమవైపు ఉంటుంది. ఒకరికి వినిపించినది మరొకరికి వినిపించదు. సెల్‌ఫోన్ సెట్టింగులలో యాక్సెసిబిలిటీ అనే విభాగం కింద మోనో ఆడియో ఉంటుంది. దాన్ని వేస్తే ఇద్దరికీ మొత్తం ధ్వని అందుతుంది. ఒక చెవి సరిగా వినిపించని పెద్దలకూ ఇదే ఉపాయం.

పద్యం నేర్చుకునేవారికి ప్లేయర్‌లోని ఏ-బీ రిపీట్ అనే అమరిక గురువుతో సమానం. ఖరీదైన వస్తువుల్లో లేకపోయినా చౌక ప్లేయర్లలో ఇది తరచుగా ఉంటుంది. పాదం మొదట్లో ఒకసారి, పాదం చివర ఒకసారి మీట నొక్కితే ఆ మధ్య భాగమే ఆగకుండా తిరిగి వస్తుంది. తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలలోని పద్యాలు కోలారు, బళ్లారి ప్రాంతపు రంగస్థలాలకు కొత్తవి కావు. ఆ పద్యాలను నటులు పాదం చివర రాగం తీసి సాగదీస్తారు. నేర్చుకునే పిల్లవాడు మొదట రాగాన్ని వదిలి మాటల వరకే గుర్తు పెట్టుకుని తిప్పుకోవాలి. మాట నోటికి పట్టాక బీ గుర్తును రాగం చివరికి జరపాలి. మొదటి రోజే రాగంతో మొదలుపెట్టినవారు మాటలు మింగుతారు.

వేగం మార్చే అమరిక కూడా కొన్నింటిలో ఉన్నది. నూటికి ఎనభై వంతుల వేగంలో పెడితే సమాసాలు విడివిడిగా వినిపిస్తాయి. అయితే వేగం తగ్గించగానే స్త్రీ గొంతు పురుషుడి గొంతులా మారితే ఆ యంత్రం శ్రుతిని కాపాడడం లేదని అర్థం. మాటలు నేర్చుకోవడానికి దాన్ని వాడవచ్చు గాని రాగం నేర్చుకోవడానికి పనికిరాదు. సెల్‌ఫోన్‌లో వేసుకునే వీఎల్‌సీ వంటి ఉచిత ప్లేయర్లు శ్రుతి చెడకుండా వేగాన్ని మారుస్తాయి.

షఫుల్ గురించి ఒక మాట చాలు. సినిమా పాటలకు సరే. హరికథకు, నాటకానికి అది పనికిరాదు. ద్రౌపది స్వయంవరం కాకముందే వస్త్రాపహరణం వినిపిస్తే పిల్లలు కథను అలాగే నమ్ముతారు. షఫుల్ తీసివేసినా వరుస తప్పుతున్నదంటే తప్పు మరొక చోట ఉన్నది. చౌక ప్లేయర్లు అనేకం పేర్ల అక్షరక్రమాన్ని కాక, కార్డులోకి ఏది ముందు ఎక్కించారో ఆ వరుసనే పాటిస్తాయి. మిగిలినవి అంకెను కూడా అక్షరంలాగా చదువుతాయి గనుక 1 తరువాత 10 వస్తుంది, ఆ తరువాతే 2. పేర్లకు ముందు 01, 02, 03 అని రాసి, అదే వరుసలో ఒక్కొక్కటిగా ఎక్కిస్తే రెండు చిక్కులూ తీరతాయి. గంటల కొద్దీ సాగే హరికథకు రెజ్యూమ్ అనే అమరిక వేసి ఉంచితే నిన్న ఆపిన చోటు నుంచే కథ అందుకుంటుంది.

తెలుగులో పేరు రాస్తే తెర మీద గళ్లు, ప్రశ్నార్థకాలు వచ్చాయని చాలామంది నిరాశ చెందుతారు. పాట చెడిపోలేదు. ఆ ప్లేయర్‌లో తెలుగు అక్షరాల అచ్చు లేదు, అంతే. ఇంగ్లీషు అక్షరాలతో పేరు రాసుకోవడం తప్ప అటువంటి వాటిలో వేరే మార్గం లేదు. సెల్‌ఫోన్‌లో తెలుగు పేర్లు చక్కగా కనిపిస్తాయి కాబట్టి, ఇంట్లో రెండూ ఉన్నవారు ఫోన్‌లోని పాటలకైనా తెలుగు పేర్లు పెట్టుకుంటే పిల్లలకు పది అక్షరాలు కంటపడతాయి.

ఇక వాల్యూమ్. పాత పాటలు మెల్లగా, కొత్త పాటలు గట్టిగా రికార్డయి ఉంటాయి. పాత పాట కోసం పెంచిన వాల్యూమ్ మీద కొత్త పాట వచ్చి చెవిని కొడుతుంది. ప్లేయర్‌లో రీప్లేగెయిన్, సౌండ్ చెక్, నార్మలైజ్ అనే పేర్లలో ఏదైనా ఉంటే వేసుకోవాలి. అది అన్ని పాటలనూ దాదాపు ఒకే ఎత్తుకు తెస్తుంది.

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి ఇటువంటి పరికరాలకు ఒక ప్రమాణం ప్రకటించాయి. పెద్దలు 80 డెసిబెల్స్ ధ్వనిని వారానికి 40 గంటలు, పిల్లలు 75 డెసిబెల్స్ ధ్వనిని అన్నే గంటలు వినవచ్చునని అందులో ఉన్నది. ధ్వని 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ వినదగిన సమయం సగమవుతుంది. పెద్దలకు 83 వద్ద 20 గంటలు, 86 వద్ద 10 గంటలు. 95కు చేరితే వారానికి గంటంబావు మాత్రమే. బస్సులో ఇంజను పక్క సీటులో కూర్చున్న విద్యార్థి మాట వినబడాలని వాల్యూమ్‌ను చివరిదాకా తిప్పుతాడు. ప్రమాదం అక్కడే మొదలవుతుంది. లోపలి వెంట్రుక కణాలు ఒకసారి నశిస్తే తిరిగి పుట్టవు. పైగా సాధారణంగా ముందు దెబ్బతినేవి 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల కంపనాలను వినే కణాలు. హల్లులను వేరుచేసేదీ ఆ ప్రాంతమే. ఇంజను మోత ఉన్నచోట బాస్ తగ్గించి, చెవికి సరిగ్గా పట్టే తొడుగు వేస్తే తక్కువ వాల్యూమ్‌లోనే మాట తెలుస్తుంది. గరిష్ఠ వాల్యూమ్‌కు హద్దు పెట్టే అమరిక చాలా ప్లేయర్లలో, ఫోన్లలో ఉన్నది. పిల్లల చేతికి ఇచ్చేముందు, నిశ్శబ్దంగా ఉన్న గదిలో పెద్దలు విని, హాయిగా ఉన్న చోట ఆ హద్దు పెట్టడం మంచిది.

బ్యాటరీ పూర్తిగా అడుగంటినా, కార్డును ఫార్మాట్ చేసినా కొన్ని ప్లేయర్లు తమ అమరికలన్నీ మరచిపోయి మళ్లీ మొదటి స్థితికి పోతాయి. నెలలు గడిచాక మోత తిరిగి మొదలైతే వస్తువు పాడైందనుకోవలసిన పనిలేదు. సరిపడిన గీతల అంకెలను ఒక చీటీ మీద రాసి ప్లేయర్ వచ్చిన అట్టపెట్టెలో వేసి ఉంచితే, మళ్లీ సరిచేయడానికి రెండు నిమిషాలు పడుతుంది.