సైకిలు పోయినంత దూరమే అసలు కల్లు

మెదక్ నుంచి ఎల్లారెడ్డి పోయే పెద్ద రోడ్డు నాగిరెడ్డిపేట మండలం గుండా పోతుంది. ఇప్పుడది జాతీయ రహదారి. వడ్ల లారీలు, హార్వెస్టర్లు, బస్సులు, ఆదివారం వస్తే పోచారం చూడవచ్చే హైదరాబాద్ కార్లు. సైకిలు తొక్కే మనిషికి దానిమీద జాగా లేదు. మేము రాయబోయేది ఆ రోడ్డును గురించి కాదు. దాన్నుంచి మంజీర ఒడ్డు పల్లెలకూ, అడవి అంచు పల్లెలకూ చీలిపోయే చిన్న రోడ్లను గురించి. మాల్తుమ్మెద, తాండూరు, చీనూరు వంటి వూళ్ల వైపు మళ్లితే చాలు, లారీల మోత వెనకబడిపోతుంది. ఇరుపక్కలా వరి మళ్లు, గట్ల మీద తాళ్లు, వాగుల వెంట ఈదులు. పొద్దుగాల ఆ రోడ్ల మీద ముందుగా కదిలేది గీత కార్మికుడు.

అతని సైకిలును ఒకసారి సరిగ్గా చూడాలి. బలమైన కారియరు, దానికి రెండు పక్కలా వేలాడే డబ్బాలు, హ్యాండిలుకు లొట్లు, నడిమి గొట్టానికి చుట్టిన మోకు, సంచిలో కత్తులు. లొట్టి తొణకకుండా గుంతల రోడ్డు మీద సైకిలు నడపడం కూడా చెట్టెక్కడమంత విద్యే. నిండు లొట్లతో వున్నప్పుడు చాలా చోట్ల తొక్కడు, దిగి నడిపిస్తాడు. ఇప్పుడు చాలామంది మోపెడ్ల మీదకు మారారు. అయినా గట్ల వెంట, కాలువ కట్టల వెంట చెట్టు మొదటిదాకా పోవాలంటే సైకిలుకు మించిన వాహనం లేదు.

పట్నాలలో ఈమధ్య సైకిలు షికారు మోజు పెరిగింది. విదేశాలలో ద్రాక్షతోటల మధ్య సైకిలు బాటలు వున్నాయని, తోట తోటకూ ఆగి అక్కడి ద్రాక్ష సారా రుచి చూస్తూ పోతారని చెప్పుకుంటారు. నిజమే. ఫ్రాన్సులో బర్గండీ ప్రాంతాన బోన్ పట్నం నుంచి సాంతనే గ్రామం దాకా తోటల నడుమ 20 కిలోమీటర్లకు పైగా అలాంటి బాట వుంది. మన దగ్గర ‘వైన్స్’ అని బోర్డు కనపడితే అది ద్రాక్షతోట కాదు, సర్కారు లైసెన్సు బ్రాందీ దుకాణం. కాని పల్లె పల్లెకూ సొంత చెట్టు, సొంత రుచి, దాన్ని తీసే చెయ్యి వున్న సీమ కావాలంటే ఫ్రాన్సు దాకా పోనక్కరలేదు. నాగిరెడ్డిపేట కాలువ కట్ట మీద పొద్దున్నే గంటసేపు సైకిలు తొక్కితే చాలు. తేడా ఏమిటంటే, అక్కడి బాట షికారుకు వచ్చినవాళ్లది, ఇక్కడి బాట కూటికోసం తిరిగేవాళ్లది.

కల్లు సంగతి తెలిసినవారికి ఒక మాట చెప్పనక్కరలేదు గాని పట్నం పాఠకుల కోసం చెప్పాలి. ద్రాక్ష సారా ఏళ్ల తరబడి నిలవ వుంటుంది. కల్లుకు ఆ ఆయుష్షు లేదు. గెల కోసినచోట, మొవ్వు చెక్కినచోట కారే నీరు తియ్యగా వుంటుంది. అందులో నూటికి 10 పాళ్లకు అటూ ఇటూగా చక్కెర. లొట్టిలో పడ్డ క్షణం నుంచి అది పులియడం మొదలు. కొన్ని గంటల్లో నూటికి 4, 5 పాళ్ల సారం చేరుతుంది. మర్నాటికి పుల్లబడి సిర్కా వైపు పోతుంది. అందుకే పొద్దున దించింది పొద్దున్నే తాగాలె, మాపు దించింది మాపే తాగాలె. గీత కార్మికుడు రోజుకు రెండుసార్లు చెట్టెక్కడం ఇందుకే.

దీన్నిబట్టి ఒక లెక్క తేలుతుంది. చెట్టు దగ్గర నుంచి మనిషి సైకిలు మీద పోగలిగినంత దూరం, అంటే రెండు మూడు వూళ్ల పర్యంతం, అసలు కల్లుకు హద్దు. ఆ హద్దు దాటి వ్యానులో, డబ్బాల్లో, సీసాల ట్రేలలో దూరం నుంచి వస్తున్న కల్లును ఒక ప్రశ్న అడగాలి: నువ్వు ఏ చెట్టు మీద నుంచి దిగావు?

ఇంకొక పరీక్ష కూడా వుంది. చెట్టుకు కాలం వుంటుంది. చలికాలం ఈదులు, ఆ తర్వాత పోత్తాళ్లు, ఎండలు ముదిరితే పండుతాళ్లు పారతాయి. వానల్లో పారకం పడిపోతుంది. మరి కొన్ని కల్లు డిపోల్లో పన్నెండు నెలలూ ఒకే తీరుగా, ఒకే లెక్కన సీసాలు ఎట్లా నిండుతున్నాయి? చుట్టుపక్కల చెట్లు తగ్గినకొద్దీ అమ్మకం తగ్గకపోవడానికి కారణం ఏమిటి? ఆ కారణం పేర్లు జనానికి నోటికి వచ్చేశాయి: క్లోరల్ హైడ్రేట్, డైజోపాం, అల్ప్రాజోలం. నీళ్లలో తెల్లదనం, తీపి, మత్తు కలిపితే అయిపోయే సరుకది. చెట్టూ వద్దు, ఎక్కేవాడూ వద్దు.

దాని ఫలితం మన జిల్లాకు తెలియనిది కాదు. 2015లో అధికారులు కల్తీ మీద దాడులు జరిపినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఆ మందుకు అలవాటుపడ్డ కూలీజనం, మందు అందక, ఫిట్లతో, మతి చెదిరిన మాటలతో ఆస్పత్రుల్లో చేరారు. అప్పటికి కామారెడ్డి నిజామాబాద్ జిల్లాలోదే. జిల్లా వేరుపడ్డ తర్వాత, 2025 ఏప్రిల్‌లో, నస్రుల్లాబాద్, బీర్కూర్ మండలాల పల్లెల్లో కల్లు తాగినవాళ్లు పదుల సంఖ్యలో ఆస్పత్రి పాలయ్యారు. అదే సంవత్సరం జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో ప్రాణాలే పోయాయి. ప్రతిసారీ నాలుగు రోజులు డిపోలు మూస్తారు, శాంపిళ్లు తీస్తారు. ఆ నాలుగు రోజులూ నిజంగా నష్టపోయేది ఎవరు? సైకిలు మీద రెండు లొట్లు తెచ్చి అమ్ముకునేవాడే. అతని దగ్గర తాగేవాళ్లు కూడా జంకుతారు. కల్తీ చేసినవాడి పాపం చెట్టెక్కినవాడి మెడకు చుట్టుకుంటుంది.

ఇక్కడ ఫ్రాన్సు ద్రాక్షరైతుల కథ ఇంకొకటి చెప్పాలి. సైకిలు షికారు పుస్తకాల్లో దీనికి పెద్దగా చోటు వుండదు. 1907లో ఆ దేశపు దక్షిణ ప్రాంతం భగ్గుమన్నది. వ్యాపారులు చక్కెర, నీళ్లు కలిపిన దొంగ సారాను బజారులో నింపడంతో, బయటి సరుకు కూడా తోడై, అసలు ద్రాక్ష సారాకు ధర లేకుండా పోయింది. రైతులు, కూలీలు, చిన్న దుకాణదారులు ఒక్కటై వీధుల్లోకి వచ్చారు. జూన్ 9న మోంపెల్యే నగరంలో 5 లక్షల మంది గుమికూడారని ఆనాటి అంచనా. ప్రధాని క్లెమెన్సో సైన్యాన్ని దించాడు. నార్బోన్‌లో కాల్పులు జరిగి జనం చనిపోయారు. అప్పుడు 17వ పదాతి దళం సైనికులు, వాళ్లలో చాలామంది ఆ ద్రాక్షరైతుల కొడుకులే, తిరగబడ్డారు. ఆ నెలాఖరుకే, జూన్ 29న, కల్తీని అరికట్టే చట్టం వచ్చింది. కల్తీని ఆపాలని ముందు రోడ్డెక్కింది అధికారులు కాదు, తోటల్లో పనిచేసినవాళ్లు. మన గీత కార్మిక సంఘాలు కూడా కల్తీకి వ్యతిరేకంగా, అసలు గీతకు అనుకూలంగా ఒకేసారి మాట్లాడవలసి వుంటుంది. మొదటిది మానేస్తే రెండవదాన్ని జనం నమ్మరు.

నిజాం కాలంలో ఆబ్కారీ సర్కారు ఖజానాకు పెద్ద రాబడి. వేలం పాడిన గుత్తదారుడు ఒకడు, చెట్టెక్కి నడుము విరగ్గొట్టుకునేవాడు ఇంకొకడు. ఆ గుత్త పోవాలని, చెట్టు గీసేవాడికే హక్కు వుండాలని బొమ్మగాని ధర్మభిక్షం వంటి నాయకులు జీవితాంతం పోరాడారు. సహకార సంఘాలు, చెట్టు గీసేవాడికే లైసెన్సు పద్ధతి వచ్చాయి. అయినా కాగితం మీద సంఘం వుండి, పెత్తనం ఎవడో పెట్టుబడిదారుడిది అయిన చోట గుత్తదారుడు పోయినట్టా? వేషం మార్చినట్టు, అంతే.

మళ్లీ గట్ల దగ్గరకు వద్దాం. పోచారం ప్రాజెక్టు 1916లో మొదలై 1922లో పూర్తయింది. నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి మండలాల్లో సుమారు 10 వేల ఎకరాలకు దాని నీరే ఆధారం. నీరు వున్నచోట గట్టు విలువ పెరిగింది. ట్రాక్టరు తిరగాలి, హార్వెస్టరు మలుపు తీసుకోవాలి, చెట్టు నీడకు కంకి పాలుపోసుకోదు అంటాడు రైతు. అతని మాటలో అబద్ధం లేదు. కాని ఈత చెట్టు మొదలు చూడండి. ఒక ఏడు ఒక పక్క, మరుసటి ఏడు రెండో పక్క గీసిన గాట్లు మెట్లలాగ పైకి పోతుంటాయి. లెక్కపెడితే అది ఎన్నేళ్లు కూడు పెట్టిందో తెలుస్తుంది. అలాంటిది జేసీబీకి ఐదు నిమిషాల పని. రైతుకూ గీత కార్మికుడికీ మధ్య తగువుగా దీన్ని వదిలేయడం అన్యాయం. ఇద్దరివీ చిన్న బతుకులే. చెట్లకు వేరే జాగా చూపించవలసింది ప్రభుత్వం.

ఆ జాగా మాట కొత్తది కాదు. గీత సొసైటీలకు 5 ఎకరాల చొప్పున భూమి ఇచ్చి వనాలు పెంచాలని 560 నెంబరు జీవో చెబుతున్నది. ఎన్ని వూళ్లలో ఆ 5 ఎకరాలు కొలిచి అప్పగించారో మండల కార్యాలయానికి పోయి అడగండి. చెట్టు మీద నుంచి పడకుండా 2024 జూలైలో ‘కాటమయ్య రక్ష’ కిట్లు మొదలుపెట్టారు. మంచి పనే, కాదనం. తాడు చేతికిచ్చి కట్టుకునేందుకు చెట్టు లేకపోతే ఎట్లా?

రోడ్ల సంగతి కూడా వుంది. 2025 ఆగస్టు 27న కురిసిన వానకు పోచారానికి కనీవినీ ఎరుగని వరద వచ్చింది. నూరేళ్లు దాటిన కట్ట నిలబడింది. పంటలు కొట్టుకుపోయాయి, పొలాల్లో ఇసుక మేట వేసింది, రోడ్లు తెగాయి. ఇలాంటప్పుడు సర్కారు కన్ను ముందుగా పడేది పెద్ద రోడ్డు మీద. గట్టుకూ వూరికీ మధ్య వుండే బాట ఎవరి అంచనాల్లోనూ వుండదు. పాల క్యాను, ఎరువు బస్తా, లొట్టి, మూడూ పోయేది ఆ బాట మీదనే. వరద నష్టం మరమ్మతుల జాబితాలో ఆ బాటలను కూడా ఎక్కించమని రైతులూ, గీత కార్మికులూ కలిసి అడగవచ్చు. కాలువ కట్ట బాగుచేసేటప్పుడే దాని వెలుపలి అంచున ఈత మొక్కలు పెడితే మట్టి జారకుండా వేళ్లు పట్టి వుంచుతాయి. విడిగా వనం పేరుతో ఖర్చు చూపే పని వుండదు.

ఇప్పుడు నాటిన ఈత గీతకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. తాడయితే 15, 20 ఏళ్లు.